టమాటా ఆకుముడత: తెల్లదోమ ఒక్కటేనా, దాని వెనక ఇంకేమైనా ఉందా?

మదనపల్లె_తోట
మార్చి 3, ఉదయం 6:10

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె దగ్గర పల్లె. ఎకరంన్నర టమోటా నాటి ఇవాళ్టికి 34 రోజులు. ఇరవయ్యో రోజు వరకు తోట చూస్తుంటే కడుపు నిండేది. తర్వాత పడమటి గెనిమ పక్కన నాలుగైదు చెట్లకు మొవ్వలో ఆకులు చిన్నవై, అంచులు పైకి లేచి గిన్నెల్లా ముడుచుకున్నాయి. ఈనెల మధ్య పసుపు తిరిగింది. ఇప్పుడు తోటలో మూడో వంతు ఇదే తీరు. కణుపులు దగ్గర దగ్గరగా వచ్చి చెట్టు పొదలా గుబురు కట్టింది గానీ ఎదగడం లేదు. పూత వస్తోంది, నిలవడం లేదు.

నారు బయట నర్సరీలో కొన్నాను. ముడత తట్టుకునే హైబ్రిడ్ అని విత్తన ప్యాకెట్ మీద ఉందట. మందుల షాపులో "వైరస్ మందు" అని ఒకటి ఇస్తే రెండుసార్లు కొట్టాను. ఏమీ మారలేదు. పక్క పొలం మా మామది. అదే రకం, అదే వారం నాటాడు. ఆయన తోటలో కూడా ముడత ఉంది గానీ కాయ పడుతోంది, చెట్టు లేస్తోంది. ఒకే నేల, ఒకే రకం, ఇంత తేడా ఎందుకు? రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

గుంటూరు_మిరప
మార్చి 3, ఉదయం 7:25

తమ్ముడూ, ముందు అది వైరసేనో కాదో తేల్చుకో. మా మిరపలో పై ముడత, కింది ముడత అని రెండు చూస్తాం. తామర పురుగు వల్ల ఆకు పైకి ముడుచుకుంటుంది, నల్లి వల్ల కిందికి. ఆ రెండింటికీ మందు కొడితే కొత్త ఆకు బాగానే వస్తుంది. జెమిని వైరస్ అయితే కొత్త ఆకు కూడా ముడుచుకునే పుడుతుంది. తేడా అక్కడే పట్టుకోవాలి.

ఇంకో సంగతి. చుట్టుపక్కల ఎవరైనా జొన్నలోనో వరిలోనో కలుపుకి 2,4-డి కొట్టారా? ఆ మందు గాలికి కొట్టుకొచ్చినా టమాటా ఆకు దారాల్లా సన్నబడి మెలి తిరుగుతుంది. నిరుడు మా ఊళ్ళో ఒకాయన దాన్నే వైరస్ అనుకుని తోట పీకేశాడు. పాపం, పది రోజులు ఆగి ఉంటే తేరుకునేది.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు దోమ మందకొడిగా ఉంటుంది, ఎగరదు. ఆకు మెల్లగా తిప్పి వెనక చూడు.

మదనపల్లె_తోట
మార్చి 4, ఉదయం 6:50

అన్నా, ఇప్పుడే చూసొచ్చాను. కలుపు మందు ఎవరూ కొట్టలేదు. కింది ఆకులు మామూలుగా ఉన్నాయి, పై ఆకులన్నీ ముడతే. కొత్తగా వచ్చే చిగురు కూడా ముడుచుకునే వస్తోంది.

ముదురు ఆకు ఒకటి తిప్పితే వెనక తెల్లదోమలు 14 లెక్కపెట్టాను. బియ్యపు నూకలో సగం ఉంటాయేమో, రెక్కలకు పిండి చల్లినట్టు ఉంది. ఈనెల పక్కన ఆకుకే అతుక్కుని, కదలకుండా, పొలుసుల్లాంటి పసుపు చుక్కలు కూడా ఉన్నాయి. మా పాప ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీస్తే ఆ పొలుసులకు రెండు ఎర్రని కళ్ళు కనబడ్డాయి. ఇన్నేళ్ళుగా టమోటా పెడుతున్నా, అవి దోమ పిల్లలని ఎప్పుడూ అనుకోలేదు.

మొక్కల_వైరస్_విద్యార్థిని
మార్చి 4, రాత్రి 9:40

అన్నా, నేను మొక్కల వైరస్‌ల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మాది కూడా రాయలసీమే, ఇంట్లో టమాటా పెట్టినవాళ్ళమే. మీరు చెప్పిన లక్షణాలు ఆకుముడత వైరస్‌వే అనిపిస్తున్నాయి. కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఆకుముడత వైరస్ అంటే ఒక్కటి కాదు. మన దేశంలోనే టమాటాను ముడిచేవి చాలా ఉన్నాయి. న్యూఢిల్లీ, బెంగళూరు, కర్ణాటక, పాలంపూర్, ఇలా మొదట దొరికిన చోటును బట్టి పేర్లు పెట్టారు. అన్నీ బెగోమోవైరస్ అనే ఒకే జాతివే, అన్నింటినీ మోసేది తెల్లదోమే. మిరప రైతులు "జెమిని" అనే పేరు కూడా ఈ కుటుంబానిదే. మైక్రోస్కోపులో ఈ వైరస్ రేణువులు కవల పిల్లల్లా రెండేసి అతుక్కుని కనిపిస్తాయి, అందుకని మిథున రాశి పేరు.

తెల్లదోమ జబ్బు చెట్టు మీద పావుగంట, అరగంట రసం పీలిస్తే చాలు, వైరస్ లోపలికి పోతుంది. దోమ పేగు దాటి, ఒంట్లో తిరిగి, ఉమ్మిలోకి రావడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ తర్వాత ఆ దోమ బతికినన్నాళ్ళూ వాలిన చెట్టుకల్లా అంటిస్తూనే పోతుంది. చెట్టులో ముడత మన కంటికి కనబడేసరికి రెండు మూడు వారాలు. అంటే మీరు ఇరవయ్యో రోజు చూసిన ముడత, నాటిన కొత్తల్లోనో, అసలు నర్సరీలోనో ఎక్కి ఉంటుంది.

ఇక ఈ వైరస్‌ల వెంట తోడుగా తిరిగే శాటిలైట్ల సంగతి. ఈ వైరస్‌ల డీఎన్ఏ గుండ్రని వలయంలా ఉంటుంది, ఒక్కో వలయం దాదాపు 2,700 జన్యు అక్షరాలు. కొన్నింటికి అలాంటివి రెండు ఉంటాయి, కొన్నింటికి ఒక్కటే. వీటి వెంట ఒక్కోసారి అందులో సగమే ఉండే ఇంకో చిన్న వలయం తిరుగుతుంది. దాదాపు 1,350 అక్షరాలు. దాన్ని బీటాశాటిలైట్ అంటాం. సొంతంగా పెరగలేదు, సొంత చొక్కా, అంటే పైన కప్పుకునే ప్రోటీన్ పొర, కూడా లేదు. వైరస్ యంత్రాంగంతోనే పెరిగి, వైరస్ చొక్కాయే తొడుక్కుని తెల్లదోమ ఎక్కుతుంది. ఇంతాచేసి దానికి ఉన్న ముఖ్యమైన జన్యువు ఒక్కటే, పేరు బీటా-సి1.

ఆ ఒక్కటి చేసే పని మాత్రం చిన్నది కాదు. వైరస్ వస్తే దాని సందేశాలను ముక్కలు చేసి నోరు నొక్కే ఏర్పాటు ప్రతి మొక్కలోనూ ఉంటుంది. బీటా-సి1 దాన్నే కట్టేస్తుంది. దొంగ గోడ దూకేముందు తోడు వచ్చినవాడు ఇంటి కుక్క నోరు కట్టేసినట్టు. ఆకు ఆకారాన్ని నడిపే వ్యవస్థలో కూడా వేలు పెడుతుంది, ముడత ముదిరేది అందుకే. ఇంకా బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. పురుగు కొరికినప్పుడు మొక్క జాస్మోనిక్ ఆమ్లం అనే దానితో ఎదురుదాడి మొదలుపెడుతుంది. బీటా-సి1 దాన్ని కూడా తగ్గించేస్తుందని, అలాంటి మొక్క మీద తెల్లదోమ ఎక్కువ గుడ్లు పెడుతుందని పొగాకు మొక్కల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. అంటే జబ్బు తన బండిని తానే మేపుకుంటోంది.

మన బెండ తోటల్లో ఈనెలు పసుపెక్కే పల్లాకు తెగులు కూడా ఇలా వైరస్, బీటాశాటిలైట్ జంటగా తెచ్చేదే.

మిద్దెతోట_హైదరాబాద్
మార్చి 5, మధ్యాహ్నం 1:15

అమ్మా, చాలా బాగా చెప్పారు. నాది మిద్దెతోట, పదహారు కుండీల్లో టమాటా. రెండింటికి ముడత వచ్చింది. నాకు మూడు అనుమానాలు. అన్ని కుండీలకూ ఒకే కత్తెర వాడాను, దాంతో అంటిందా? ఆ మొక్క కాయల నుంచి విత్తనం తీసి దాచాను, వాడొచ్చా? మా గ్రూపులో పుల్లటి మజ్జిగలో ఇంగువ కలిపి కొడితే ముడత పోతుందని అందరూ అంటున్నారు, నిజమేనా?

మొక్కల_వైరస్_విద్యార్థిని
మార్చి 5, రాత్రి 8:05

అక్కా, ఆకుముడత వైరస్ తోటల్లో కత్తెరతో పాకదు. తెల్లదోమ నోటి నుంచి నేరుగా ఆకు నాళాల్లోకి పోవాలి. కానీ టమాటా మొజాయిక్ వైరస్ లాంటివి చేతులతో, కత్తెరతో, గుడ్డలతో కూడా అంటుకుంటాయి కాబట్టి కత్తెర కడగడం మానకండి. విత్తనం ఈ జబ్బుకు ముఖ్యమైన దారి కాదు. అయినా జబ్బు మొక్క నుంచి కాకుండా బాగున్న మొక్క నుంచే విత్తనం తీసుకోండి.

మజ్జిగ గురించి నొప్పించకుండా ఎలా చెప్పాలో తెలియడం లేదు. మొక్క కణంలోకి చేరిన వైరస్‌ను చంపే పదార్థం ఏదీ లేదు. మజ్జిగ అయినా, షాపులో "వైరస్ మందు" అని అమ్మేది అయినా.

సేంద్రియ_సేద్యం
మార్చి 5, రాత్రి 9:30

విద్యార్థిని గారూ, నేను ఒప్పుకోను. పన్నెండేళ్ళుగా మందుల డబ్బా ముట్టకుండా సాగు చేస్తున్నాను. పోయిన మే నెలలో నా టమాటాలో ఆకులు గొట్టాల్లా చుట్టుకుపోయాయి. మజ్జిగ కొట్టాను, నీమాస్త్రం కొట్టాను. పది రోజుల్లో తోట తేరుకుంది. కళ్ళతో చూసింది అబద్ధమా?

గుంటూరు_మిరప
మార్చి 5, రాత్రి 10:05

అన్నా, చుట్టుకున్నవి కింది ఆకులా, పై ఆకులా?

సేంద్రియ_సేద్యం
మార్చి 5, రాత్రి 10:12

కింది ఆకులు. పచ్చగానే ఉన్నాయి, కాస్త దళసరిగా.

మొక్కల_వైరస్_విద్యార్థిని
మార్చి 6, ఉదయం 6:30

సార్, మీరు చూసింది నిజమే. అయితే అది వైరస్ కాదనుకుంటాను. ఎండ ముదిరి నీళ్ళు అటూ ఇటూ అయితే టమాటా నీటిని కాపాడుకోవడానికి కింది ఆకులను చుట్టుకుంటుంది. పసుపు రాదు, చిగురు బాగుంటుంది. తడి సర్దుకుంటే తగ్గుతుంది. నీమాస్త్రం, వేపనూనె దోమను కొంత దూరం పెడతాయి, కాబట్టి మీ పద్ధతిలో విలువ ఉంది. జబ్బు రాకముందు అది సాయం. వచ్చాక వైద్యం కాదు. నాకు మీ మీద చాలా గౌరవం ఉంది, తప్పుగా అనుకోకండి.

సేంద్రియ_సేద్యం
మార్చి 6, ఉదయం 7:00

తప్పేముందమ్మా. చిగురు చూడాలని ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు. మా గ్రూపులో కూడా చెబుతాను.

అనంత_వేరుశనగ
మార్చి 6, రాత్రి 8:50

ఈ చర్చ చదువుతుంటే 2000 సంవత్సరం గుర్తొచ్చింది. మా అనంతపురం జిల్లాలో వేరుశనగ కళ్ళ ముందే మొవ్వ ఎండి, కాండం నల్లబడి చచ్చిపోయింది. రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతింది. నష్టం 300 కోట్లు దాటిందని లెక్క కట్టారు. మొదట అందరూ పాత మొవ్వుకుళ్ళు వైరస్సే అన్నారు. తర్వాత అది పొగాకు స్ట్రీక్ వైరస్ అని తేల్చారు. ఆ వైరస్‌ను దాచిపెట్టింది గట్ల మీద వయ్యారిభామ. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది, తామర పురుగులు ఆ పుప్పొడిని మోసుకొచ్చి వేరుశనగ ఆకు గీరినప్పుడు లోపలికి పోతుంది. మా నాన్న ఆ ఏడాది కట్టెకు కూడా పనికిరాని పైరును చూస్తూ గట్టు మీద కూర్చున్న తీరు ఇప్పటికీ కళ్ళల్లో ఉంది.

చెప్పొచ్చేదేమంటే, గట్లు చూసుకోండి. టమోటాలో కూడా మొవ్వుకుళ్ళు వస్తుంది. ఆకు రాగి రంగు తిరిగి మొవ్వ మాడిపోతే, పండు మీద గుండ్రని వలయాలు పడితే అది ముడత కాదు, తామర పురుగు తెచ్చేది. తామర పురుగు పిల్లగా ఉన్నప్పుడే ఆ మొవ్వుకుళ్ళు వైరస్‌ను ఎక్కించుకోగలదు, పెద్దయ్యాక రెక్కలతో తిరుగుతూ పంచుతుంది.

మదనపల్లె_తోట
మార్చి 7, ఉదయం 6:20

అందరికీ దండాలు. చెల్లెమ్మా, మామ తోటకూ నా తోటకూ తేడా ఆ శాటిలైట్ వల్లేనా? ఆ మాట విన్నప్పటి నుంచి అదే టెన్షన్. నా తోటలోనే ఆ దరిద్రం ఎందుకు చేరాలి?

మొక్కల_వైరస్_విద్యార్థిని
మార్చి 7, రాత్రి 9:15

అన్నా, కంటితో చూసి చెప్పలేం. పీసీఆర్ పరీక్ష చేయాలి. మీ తోట నుంచి మూడు, మామ తోట నుంచి మూడు చిగురాకులు, విడివిడిగా కాగితంలో పెట్టి ఆరబెట్టి పంపండి. చిరునామా మెసేజ్‌లో పెడతాను. మా ల్యాబ్‌లో మా మేడమ్ అనుమతి తీసుకున్నాను.

శాటిలైట్ అంటే ఎప్పుడూ చెడ్డదే అనుకోవద్దు, ఈ విషయం నాకు చాలా ఇష్టం కాబట్టి రాస్తున్నాను. కుకుంబర్ మొజాయిక్ వైరస్ అని ఉంది, పేనుబంక మోస్తుంది. దానికి ఆర్ఎన్ఏతో చేసిన శాటిలైట్ ఉంటుంది, 330 నుంచి 400 అక్షరాలు. ఒక్క ప్రోటీన్ కూడా తయారు చేయదు. 1972లో ఫ్రాన్స్‌లోని అల్సాస్ ప్రాంతంలో టమాటా తోటలు ఉన్నట్టుండి మాడి చచ్చిపోయాయి. మామూలుగా ఆ వైరస్ టమాటాను చంపదు, ఆకును తాడులా సన్నగా చేస్తుంది, అంతే. చంపింది దాని శాటిలైట్ అని ఐదేళ్ళ తర్వాత, 1977లో తేలింది. చిత్రం ఏమిటంటే అదే జాతి శాటిలైట్లలో కొన్ని చెట్టును చంపకపోగా జబ్బును తగ్గిస్తాయి. రెండింటికీ మధ్య తేడా కొద్ది అక్షరాలే. చైనాలో ఆ మంచి రకాన్ని ముందుగానే మొక్కలకు ఎక్కించి పంటను కాపాడే ప్రయత్నాలు కూడా చేశారు. కానీ ఆ అక్షరాలు ఎప్పుడైనా మారిపోవచ్చు. అందుకే ఆ దారిలో చాలామంది భయపడుతూనే నడిచారు.

మన ఆకుముడత జాతికి శాటిలైట్ ఉంటుందని మొదట బయటపడింది కూడా టమాటాలోనే. 1997లో, ఆస్ట్రేలియాలో, 682 అక్షరాల ముక్క.

నారు_నర్సరీ
మార్చి 8, మధ్యాహ్నం 2:40

నేను నారు అమ్మే మనిషిని, కాబట్టి ఈ మాట నేనే చెప్పాలి. నారు బయట నీడ వల కింద పెంచితే దోమ ఆగదు. నీడ వల ఎండను ఆపేది, దోమను కాదు. 40 నుంచి 50 మెష్ తెల్ల నైలాన్ వల కావాలి, చుట్టూ అడుగు భాగం మట్టిలో పాతాలి, రెండు తలుపులు ఉండాలి. ఒకటి మూశాకే రెండోది తీయాలి. నా దగ్గర కూడా మొదట్లో ఒకే తలుపు. పనివాళ్ళు నీళ్ళ పైపు లాగడానికి దాన్ని తెరిచి పెట్టేవాళ్ళు. లోపల పసుపు జిగురు అట్ట కట్టి చూస్తే సాయంత్రానికి దోమలు అంటుకుని ఉన్నాయి. ఆ రోజే రెండో తలుపు పెట్టించాను.

నారు కొనేటప్పుడు ధర కంటే ముందు ఆ తలుపు చూడండి. ట్రే ఎత్తి ఆకు వెనక చూడండి. చూడనివ్వని చోట కొనకండి.

మదనపల్లె_తోట
మార్చి 8, రాత్రి 8:30

అన్నా, నేను కొన్న చోట నీడ వలే. మామ సొంతంగా మడి పోసి, నైలాన్ వల కట్టుకుని నారు పెంచుకున్నాడు. అప్పుడు నేను "ఇంత శ్రమ ఎందుకు మామా" అన్నాను.

ఇప్పుడు ఉన్న తోటను ఏం చేయాలి? పీకేయమంటే చేతులు రావడం లేదు.

గుంటూరు_మిరప
మార్చి 8, రాత్రి 9:10

తమ్ముడూ, మూడో వంతు పోయిందంటున్నావు. ఎదగకముందే ముడుచుకున్న చెట్టు ఇక కాయదు, దోమకు మేత అవుతుంది, అంతే. అయితే ఊరికే పీకితే దోమలన్నీ లేచి మంచి చెట్ల మీద వాలతాయి. ముందు దోమ మందు కొట్టి, మర్నాడు పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చెట్టును సంచిలోకి తోసి పీకి, గుంటలో పూడ్చు. గెనిమ మీద పారేయకు. మిగతా రెండొంతులకు జిగురు అట్టలు కట్టు, చెట్టు తల ఎత్తులో ఉండాలి.

మందు విషయంలో ఒక్క మాట. అదే ఇమిడాక్లోప్రిడ్ మళ్ళీ మళ్ళీ కొట్టకు, దోమ అలవాటు పడిపోయింది. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు అసలొద్దు, దోమను తినే మంచి పురుగులు చచ్చి దోమ ఇంకా పెరుగుతుంది. మందు రకం మార్చి మార్చి, లేబుల్ మీద చెప్పినంతే, ఆకు అడుగు తడిసేలా కొట్టు. మోతాదు మీ ఉద్యాన అధికారిని అడుగు.

మొక్కల_వైరస్_విద్యార్థిని
మార్చి 8, రాత్రి 10:00

అన్న చెప్పిందంతా సరే. ముడత తట్టుకునే రకం కూడా ఎందుకు పడిపోయిందో చెబుతాను. అడవి టమాటాల నుంచి తెచ్చిన టీవై జన్యువులు వైరస్‌ను నెమ్మదింపజేస్తాయి, పూర్తిగా ఆపవు. కొన్ని జన్యువులు కొన్ని వైరస్‌లకే పనిచేస్తాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వాళ్ళ అర్క రక్షక్ లాంటి మంచి రకాలు ఉన్నాయి, అయినా పసి నారు మీదే దోమ దండు పడితే ఏ రకమైనా కష్టమే.

మీ ప్రాంతానికి ఇంకో భారం ఉంది. 1999లో పక్కనే ఉన్న కోలార్‌లో బి-బయోటైప్ అనే కొత్త రకం తెల్లదోమను గుర్తించారు, మన దేశంలో అదే మొదటిసారి. ఆ చుట్టుపక్కల ముడత ఉధృతంగా వచ్చిన కాలం అది. పైగా మీ వైపు ఏడాది పొడవునా ఎవరో ఒకరి తోట పచ్చగానే ఉంటుంది. పాత తోటలోంచి దోమ లేచి కొత్త తోటలో వాలుతుంది. డొమినికన్ రిపబ్లిక్‌లో 1990ల్లో ఇదే జబ్బు టమాటాను తుడిచిపెట్టేస్తే, మూడు నెలలు ఎవరూ దోమకు ఇష్టమైన పంటలు పెట్టకూడదని ప్రభుత్వమే నిబంధన పెట్టింది. పంట తేరుకుంది.

మదనపల్లె_తోట
మార్చి 9, ఉదయం 5:55

చెల్లెమ్మా, ఇక్కడ ఏ నెల రేటు పలుకుతుందో ఎవరికీ తెలియదు, అందుకే అందరూ అన్ని నెలలూ పెడతారు. మూడు నెలలు ఆపమంటే అప్పు ఎవరు కడతారు? మన ఐదారు పొలాల మధ్యనైనా మాట్లాడతాను.

ఇవాళ పీకడం మొదలుపెట్టాం.

మొక్కల_వైరస్_విద్యార్థిని
ఏప్రిల్ 2, రాత్రి 9:25

అన్నా, ఆకుల పరీక్ష అయింది. మీ మూడు ఆకుల్లోనూ వైరస్ ఉంది, బీటాశాటిలైట్ ఉంది. మామ గారి మూడింటిలోనూ అవే రెండూ ఉన్నాయి.

అంటే నేను అనుకున్నది జరగలేదు. ఆరు ఆకులతో పెద్ద మాటలు చెప్పకూడదు, కానీ తేడా శాటిలైట్‌ది కాకపోవచ్చు. మామ గారి చెట్లకు జబ్బు ఆలస్యంగా ఎక్కింది. అప్పటికి చెట్టుకు బలం వచ్చింది, పూత పట్టింది. ఆ 25 రోజుల నైలాన్ వల ఇచ్చిన గడువు అది.

మదనపల్లె_తోట
ఆగస్టు 17, ఉదయం 7:15

చాలా రోజులకు రాస్తున్నాను. ఆ పంటలో మిగిలిన చెట్లతో పెట్టుబడిలో సగం వచ్చింది. మేలో మా వరుసలో నలుగురం పాత తోటలు ఒకే వారంలో పీకేశాం. ఐదో ఆయన ఒప్పుకోలేదు, ఆయనకు అప్పుడు బాక్సు మంచి రేటుకు పోతోంది, తప్పు పట్టలేను. జూన్‌లో సొంత వల కింద నారు పోశాను. రెండు తలుపులు పెట్టాను. నాటడానికి ఇరవై రోజుల ముందే దోమకు అడ్డుగా చుట్టూ మూడు సాళ్ళు మొక్కజొన్న వేశాను. కింద వెండి రంగు మల్చింగ్ షీట్, దాని మెరుపుకు దోమ వాలడానికి జంకుతుందని ఇక్కడే ఎవరో మెసేజ్‌లో చెప్పారు.

నాటి 38 రోజులు. ముడత చెట్లు ఇప్పటికి 11, అన్నీ ఆ ఐదో ఆయన పొలం వైపు. కనబడిన రోజే పీకాను. మిగతా తోట నడుము ఎత్తుకు వచ్చింది, రెండో గెల పూత నిలిచింది.

మామ ఒకటి అడగమన్నాడు. వల కింద ఖాళీ ఉంది కదా, తర్వాతి టమోటా నారు పక్కనే వంగ నారు కూడా పెంచుకోవచ్చా?

నారు_నర్సరీ
ఆగస్టు 17, ఉదయం 8:40

వద్దు. వంగ అంటే తెల్లదోమకు ప్రాణం. ఒక్క దోమ లోపలికి వచ్చినా వంగ ఆకు కిందే సంసారం పెడుతుంది, మీకు కనబడేసరికి టమోటా నారు నిండా పిల్లలు ఉంటాయి. వంగకు వేరే వల కట్టుకోమనండి, చిన్నదైనా సరే.